ఓటమి పీట

తాళం వేసిన తలుపును ఒక్కసారి లాగి చూసి వదిలేసిన రోజు మా బావ జీవితంలో లేదు. వేస్తాడు, లాగుతాడు, గేటు దాకా నడుస్తాడు, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద గొడుగు పట్టుకుపోతాడు. ఎందుకని అడిగితే "ఉంటే పోయేదేముంది?" అంటాడు. అలాంటి మనిషిని ఏరికోరి పట్టుకుని మా యూనివర్సిటీ వాళ్ళు పిల్లలకి తెగింపు నేర్పమన్నారు. ఆయన నేర్పాడు కూడా. నా బాధంతా అదే.

బావ అంటే మా అక్క మొగుడు. నేను అదే యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో గుమాస్తాని. ఒకే ఇంట్లో అక్కావాళ్ళు కింద, నేను పైన. ఇంట్లో ఉన్నా ఆఫీసులో ఉన్నా ఆయన సంగతి నా చెవిన పడకుండా ఉండదు. బావమరిదిని కాబట్టి ఆయన్ని వేళాకోళం చేసే హక్కు నాకు వాళ్ళ పెళ్ళినాడే వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని పొదుపు చేసుకున్న పాపాన పోలేదు. ఈ మధ్యే వాడటం మానేశాను.

ఆయన ఉద్యోగంలో చేరింది టైపు నేర్పడానికి. గదినిండా మిషన్లు, వాటి ముందు వేళ్ళు వంచుకుని పిల్లలు, మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని మా బావ. కంప్యూటర్లు వచ్చాక మిషన్లని తూకానికి అమ్మేశారు. ఆయన్ని ఆఫీసు నిర్వహణ అనే పేపరుకి మార్చారు. కొన్నాళ్ళకి ఆ పేపరునీ అటకెక్కించారు. తర్వాత లైబ్రరీలో పిల్లలు చదువుకునే హాలుకి కాపలా లాంటి పని ఒకటి ఇచ్చి కూర్చోబెట్టారు. జీతం ఆగలేదు, పని ఆగింది. పని లేని మాస్టారికి స్టాఫ్ రూములో కుర్చీ ఉంటుంది గానీ పలకరింపు ఉండదు. టీ వేళకి ఆయన్ని పిలవాలని ఎవరికీ గుర్తుండేది కాదు. ఇంట్లో ఆ ఊసే ఎత్తేవాడు కాదు గానీ నాకు కనబడుతూనే ఉండేది, ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో పైనుంచి ఓ ఉత్తర్వు దిగింది. చరిత్ర చదివినా రసాయనశాస్త్రం చదివినా సరే, పిల్లలందరూ ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపరు చదివి తీరాలి. ఉద్యోగం కోసం వెతుక్కునేవాళ్ళలా కాదు, నలుగురికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళలా తయారవ్వాలట. ఆ పేరు పలకడానికి సగం మందికి నోరు తిరగలేదు. చివరికి అందరూ వ్యాపారం క్లాసు అని సరిపెట్టుకున్నారు. దాన్ని చెప్పడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. కామర్స్ వాళ్ళు మేనేజ్‌మెంట్ వాళ్ళ మీదికి తోశారు, మేనేజ్‌మెంట్ వాళ్ళు కామర్స్ వాళ్ళ మీదికి తోశారు. అటూ ఇటూ చూస్తే ఖాళీగా కనబడింది మా బావ.

శిక్షణకి పంపారు. వెళ్ళేటప్పుడు మందుల డబ్బా, మఫ్లరు, గొడుగు, ఇంకో గొడుగు. వచ్చేటప్పుడు మనిషే మారిపోయి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఓడిపోవడం తప్పు కాదట్రా. అసలు ఓడిపోకపోవడమే తప్పట. ఓడిపోలేదూ అంటే ఏదీ ప్రయత్నించలేదని అర్థమట."

"ఎవరన్నారు బావా?"

"అక్కడ ఒకాయన చెప్పాడు. తను ఏమేం పెట్టి ఎలా మూసేశాడో వరసగా చెప్పుకొచ్చాడు. మేమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం."

"మరి ఆయన ఇప్పుడేం చేస్తున్నాడు?"

బావ కొంచెం తటపటాయించాడు. "శిక్షణ ఇస్తున్నాడు."

వంటింట్లోంచి అక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. నలుగురిలో పనికిరానివాడిగా మిగిలిపోయిన మనిషికి, ఓడినవాడే గొప్పవాడని ఎవరో మైకు పట్టుకుని చెబితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ మాట ఆయన గుండెల్లో దిగబడిపోయింది.

లైబ్రరీ మేడమీద ఆయన క్లాసు కోసం కొత్త గది కట్టించారు. వరండా వైపు గోడ మొత్తం గాజు. కుర్చీలుండవు, రంగురంగుల దిళ్ళు ఉంటాయి. గాజు మీద మార్కరుతో ఎవరికి తోచిన ఆలోచన వాళ్ళు రాసుకోవచ్చు. లోపల ఎంత గోల చేసినా బయటికి వినబడదు, అంత మందం గాజు. బయటి వాళ్ళకి మాత్రం లోపలిదంతా కనబడుతుంది. పారదర్శకత అంటే అదేనని ప్రారంభించిన పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చాడు. నాకైతే షోకేసులా అనిపించింది.

ఆ గదిలోకి మా బావ తనతో తెచ్చుకున్న సామాను ఒక్కటే, పాత టైపు గదిలోంచి మిగిలిన చెక్క పీట. కాళ్ళు నేలకి ఆనని పిల్లలకి అప్పట్లో మిషన్ల కింద వేసేవాళ్ళు దాన్ని. దానికి ఓటమి పీట అని పేరు పెట్టాడు. టర్ము చివర ఒక రోజు ఓటమి రోజు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఆ పీట ఎక్కాలి. తను ఏం మొదలుపెట్టి ఎలా దెబ్బతిన్నాడో ఒక్క గుక్కలో చెప్పాలి. సాకులు చెప్పకూడదు, కళ్ళు తుడుచుకోకూడదు. చెప్పి దిగగానే క్లాసంతా చప్పట్లు కొట్టాలి. ఎంత నిజాయితీగా ఓడితే అన్ని మార్కులు.

నేను చెప్పొద్దూ, మొదట్లో ఆ రోజు భలే సరదాగా ఉండేది. మార్కుల కాగితాల వంకతో నేనూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడిని. ఒకడు హాస్టలు పిల్లల్ని పొద్దున్నే లేపే వ్యాపారం పెట్టి, తనే లేవలేక మూసేశాడు. ఇంకో అమ్మాయి సువాసన కొవ్వొత్తులు చేస్తే, వెలిగించిన గదిలో ఎవరూ కూర్చోలేకపోయారు. అందరూ నవ్వడం, చప్పట్లు కొట్టడం, భుజాలు తట్టుకోవడం. నోరు తెరవడానికి భయపడే పిల్లలు కూడా ఆ పీట ఎక్కి గలగలా మాట్లాడేవాళ్ళు. అది చూసి మా బావ మురిసిపోయేవాడు. స్టాఫ్ రూములో ఆయనకి టీ రావడం మొదలైంది. ఆయన్ని అందరూ ఐడియా మాస్టారు అనడం మొదలుపెట్టారు.

అయితే ఒక సంగతి ఎవరి కంటికీ ఆనలేదు. ఆ పిల్లలు ఓడిపోయాక సాయంత్రం ఇంటికి వెళ్ళి మామూలుగా అన్నం తినేవాళ్ళు. వాళ్ళ ఓటమి వల్ల వాళ్ళ ఇంట్లో ఒక్క వస్తువు కూడా చోటు మారలేదు. అలా ఆడుకోగలిగినవాళ్ళే అప్పటిదాకా ఆ పీట ఎక్కారు.

ఆ తర్వాత గుండీ వచ్చింది.

ఆ పేరు క్లాసు పెట్టిన పేరే. మొదటి రోజు మా బావ పిల్లలందర్నీ సంచులు, జేబులు కుమ్మరించమన్నాడు. "మీ దగ్గర ఏముందో అదే మీ పెట్టుబడి," అన్నాడు. తాళాలు, ఇయర్‌ఫోన్లు, చాక్లెట్ కాగితాలు పడ్డాయి. ఈ అమ్మాయి సంచిలోంచి గుప్పెడు గుండీలు దొర్లాయి. వాళ్ళమ్మకి బస్టాపు దగ్గర మేడమెట్ల కింద చిన్న కొట్టు ఉండేది. ప్యాంటు కుదించడం, జిప్పు మార్చడం, ఊడిన గుండీ కుట్టడం, అంతే పని. మిషను, ఆమె కూర్చునే స్టూలు పట్టగా ఇంకో మనిషికి చోటుండేది కాదు. పొద్దున బస్సెక్కేవాళ్ళు బట్టలు ఇచ్చిపోయేవాళ్ళు, సాయంత్రం బస్సు దిగి పట్టుకుపోయేవాళ్ళు. మా ఇంటిల్లిపాది బట్టలూ అక్కడికే వెళ్ళేవి. బావ నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో అక్కకన్నా ఆమెకే బాగా తెలుసు.

గుండీ వాళ్ళమ్మ నోరున్న మనిషి, ఆశ ఉన్న మనిషి. మెట్ల కింద కూర్చుని పాడైపోయిన జిప్పుల మధ్య ముసలిదాన్నైపోతానని నవ్వుతూనే అనేది. తన పేరుతో ఒక బోర్డు ఉండాలని ఆమెకి ఎప్పటినుంచో కోరిక. గుండీకి వాళ్ళమ్మ నోరే వచ్చింది. దానికి మా బావ క్లాసు పదును పెట్టింది. ఎదుటివాడి ముందు నిలబడి తన ఆలోచన ఎలా అమ్ముకోవాలో ఆ అమ్మాయి అంత బాగా ఇంకెవరూ నేర్చుకోలేదని బావ రోజూ భోజనాల దగ్గర చెప్పేవాడు. ఉత్త పొగడ్త కాదు. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు స్కూలుకి ఒంటరిగా వెళ్ళి, మేనేజరు గదిలో కూర్చుని, వచ్చే ఏడాది యూనిఫారాలు తామే కుట్టిస్తామని ఒప్పించి వచ్చింది. స్కూలు వాళ్ళు సరే అన్నారు. నోటిమాటగానే అన్నారు.

వాళ్ళమ్మ ఎగిరి గంతేసింది. కానీ మెట్ల కింద చోటు చాలదు. టైర్ల షాపు మేడమీద పెద్ద గది ఖాళీగా ఉంది. ఇంకో రెండు మిషన్లు, గుడ్డ కోసుకునే బల్ల, తోడుకి ఇద్దరు ఆడవాళ్ళు పట్టేంత గది. బోర్డు పెట్టుకోవడానికి కిటికీ పైన చోటు కూడా ఉంది. అది తీసుకోవాలంటే బస్టాపు కొట్టు వదులుకోవాలి. రెండింటికీ అద్దె కట్టడం తన వల్ల కాదు. అక్కడ ఆమెకి కాలు ముందుకి పడలేదు. మాస్టారిని అడిగి చెప్పమని కూతుర్ని పంపలేదు, తనే అడుగుతానంది. బావ ప్యాంటు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"మాస్టారూ, ఈ కొట్టు ఇంకొన్నాళ్ళు ఉంచుకుని, ఆ పని కూడా కొంచెం కొంచెంగా మొదలుపెడితే కుదరదంటారా?" అని అడిగింది, పళ్ళ మధ్య దారం తెంపుతూ.

మా బావ ప్యాంటు మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. తడుముకోలేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదమ్మా. వెనక్కి రావడానికి దారి ఉంచుకున్నవాళ్ళు ముందుకి వెళ్ళలేరు. ఇది మా క్లాసులో మొదటి పాఠం."

"మీరంటే ఇంకేముంది మాస్టారూ," అందామె. మొహం వెలిగిపోయింది.

ఇంటికొస్తూ దారిలో బావ ఆగి, "నేను తాళం సరిగ్గానే వేశానంటావా?" అని అడిగాడు.

కొట్టు ఖాళీ చేసిన మర్నాడే అక్కడ ఫోన్ల కవర్లు వేలాడాయి. బస్టాపు దగ్గర చోటు కోసం ఎంతమంది కాచుకుని ఉంటారో వేరే చెప్పాలా! టైర్ల షాపు మేడమీద బోర్డు లేచింది. నీలం గుడ్డ తాన్లు వచ్చాయి. బల్ల మీద సుద్దగీతలు, కత్తెర చప్పుడు, చొక్కాల చేతులు ఒక గుట్ట, కాలర్లు ఒక గుట్ట. అక్క ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. గుండీ వాళ్ళమ్మ ఆమె చేత మిషను మీద చెయ్యి వేయించి మరీ చూపించిందట. "మీ ఆయన చెప్పకపోతే నేను ఆ మెట్ల కిందే ఉండిపోయేదాన్ని వదినా," అందట. ఆ మాట బావకి అక్క చెప్పింది. ఆ వారమంతా మా బావ ఛాతీ రెండంగుళాలు పొంగే ఉంది.

ఓటమి రోజు వచ్చింది. నేను ఎప్పటిలాగే మార్కుల కాగితాల కోసం వెళ్ళి గుమ్మం లోపల నిలబడ్డాను. ఒకరిద్దరు ఎక్కి దిగారు, చప్పట్లు మోగాయి. గుండీ వంతు వచ్చింది. ఆ అమ్మాయి పని ఇంకా నడుస్తూనే ఉంది కదా, ఏ ఓటమి చెబుతుందా అని నేను అనుకుంటున్నాను. మా బావ కూడా అదే అనుకున్నట్టున్నాడు. "నీకు ఈసారి చెప్పడానికేమీ లేదేమో," అన్నాడు నవ్వుతూ.

"ఉంది మాస్టారూ," అని పీట ఎక్కింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒక్క గుక్కలో చెప్పింది.

"స్కూలు యూనిఫారాల ఆర్డరు నేను తెచ్చాను. అది నమ్ముకుని మా అమ్మ బస్టాపు కొట్టు వదిలేసింది. పొద్దున స్కూలు వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఒక పెద్ద రెడీమేడ్ కంపెనీకి ఇచ్చేశారట, బూట్లూ బ్యాగులూ కూడా వాళ్ళే ఇస్తారట, మా బట్టలు వద్దన్నారు. గుడ్డ మొత్తం కోసేశాం. పాత కొట్టు లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు."

దిగింది.

చప్పట్లు మారుమోగాయి. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి నేర్పిందే అది. పైగా ఆ టర్ములో అంత పెద్ద ఓటమి ఎవరూ చెప్పలేదు. వెనక నుంచి ఒకడు ఈల వేశాడు. "ఈసారి ఫస్టు నువ్వే గుండీ!" అని ఇంకొకడు అరిచాడు. ఆ అమ్మాయి పీట పక్కనే నిలబడి నేలకేసి చూస్తోంది. మా బావ చేతులు చప్పట్ల కోసం పైకి లేచాయి. ఒకదానికొకటి తగలకుండా అలాగే ఆగిపోయాయి. ఆయన చూపు ఆ అమ్మాయి మీద లేదు, ఆమె వెనకాల గాజు గోడ మీద ఉంది. నేనూ అటు చూశాను.

వరండాలో గుండీ వాళ్ళమ్మ నిలబడి ఉంది.

మోచేతికి ఒక సంచి వేలాడుతోంది. గాజు మీద పిల్లలు రాసిన రాతల సందుల్లోంచి ఆమె మొహం కనబడింది. లోపలి మాట ఆమెకి ఒక్కటీ వినబడలేదు. ఆమెకి కనబడిందల్లా, తన కూతురు పీట మీద నిలబడి ఏదో చెప్పడం, గదంతా చప్పట్లు కొట్టడం. ఆమె ముఖమంతా నవ్వు. సంచి జారిపోకుండా మోచెయ్యి పైకి పట్టుకుని ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. లోపలి వాళ్ళు ఆపేశాక కూడా ఇంకాసేపు కొట్టింది. కాగితాలు నా చేతిలో ఉన్నాయి గానీ నేను ఎందుకొచ్చానో మర్చిపోయాను.

బావ క్లాసు వదిలేశాడు. మిగిలిన పిల్లలు మా సంగతేమిటని అడుగుతున్నా తలుపు తెరిచేశాడు. పిల్లలు బయటికి వస్తూ ఆమె పక్కనుంచే వెళ్ళారు. ఒకరిద్దరు "సూపర్ ఆంటీ, మీ అమ్మాయి సూపర్!" అని కూడా అన్నారు. ఆమె ప్రతి ఒక్కరికీ తలూపింది. ఆఖరున మేం ముగ్గురం వచ్చాం.

"ఏం గెలిచిందండీ మా పిల్ల?" అంది మా బావతో. ఆయన నోరు తెరిచేలోపే సంచిలోంచి ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి తీసింది. నీలం చొక్కా, జేబు మీద స్కూలు గుర్తు. "మొదటిది ఇదే. నాకు ఆగబుద్ధి కాలేదు. ఇద్దరం కలిసి స్కూల్లో చూపించి వద్దామని ఇటే వచ్చేశాను. కాలరు చూడండి మాస్టారూ, ఎలా కూర్చుందో."

బావ చొక్కా అందుకున్నాడు. కాలరు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"చెప్పవేమే?" అంది ఆమె కూతురితో. "ఏం వచ్చింది? కప్పా, సర్టిఫికెట్టా?"

 గుండీ మా బావ వైపు తిరిగింది. "మీరు చెప్పండి మాస్టారూ. క్లాసులో చెప్పడం నాకు వచ్చింది. ఇంట్లో చెప్పడం రావట్లేదు."

ఒక్క గుక్కలో చెప్పాలని నేర్పిన మనిషి ఆయన. ఆ వరండాలో ఆయనకి ఆ గుక్క దొరకలేదు. స్కూలు అన్నాడు, ఆగాడు. ఫోన్ అన్నాడు, ఆగాడు. వద్దన్నారమ్మా అన్నాడు. ఆర్డరు లేదమ్మా అన్నాడు. తప్పు పిల్లది కాదు, కొట్టు వదిలేయమన్నది నేను అన్నాడు.  ఆమె చొక్కా ఆయన చేతిలోంచి తీసుకుని, మడతలు చెడకుండా సంచిలో పెట్టింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. తిడితే బాగుండును అనిపించింది.

"మరి వాళ్ళందరూ చప్పట్లెందుకు కొట్టారు?" అని అడిగింది.

"అది... మా క్లాసులో పద్ధతమ్మా," అన్నాడు బావ.

ఆమె కూతురి వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

"నేనూ కొట్టానే," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క బావని దులిపేసింది. "రెండు పడవలు, రెండు పడవలు అంటూ ఆవిడకి చెప్పావు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఒక్క పడవైనా దిగావా? నెల తిరిగేసరికి జీతం వచ్చేవాడివి నీకేం తెలుసని!"  బావ అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకున్నాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వేసింది. ఆ పాఠం ఆయన కల్పించింది కాదు. ఎక్కడో ఎవరో అరువిచ్చిన మాటల్ని నిజమని నమ్మాడు. పనికొచ్చే మనిషిని అయ్యాననుకున్న సంతోషంలో, ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోలేదు.

మర్నాటినుంచి ఆయన తిరగని చోటు లేదు. ఫోన్ కవర్ల అతన్ని మెట్ల కింద సగం చోటు ఇమ్మని బతిమాలాడు. అతను మర్యాదగానే పొమ్మన్నాడు. స్కూలుకి వెళ్ళాడు, గేటు దాటనివ్వలేదు. నీలం చొక్కాలు ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని ఊరంతా అడిగాడు. జేబు మీద వేరే స్కూలు గుర్తున్న చొక్కా ఎవరు కొంటారు? టైర్ల షాపు మేడ ఖాళీ చేయక తప్పలేదు. తోడున్న ఇద్దరు ఆడవాళ్ళూ వేరే పని వెతుక్కున్నారు. బోర్డు దింపుతుంటే నిచ్చెన పట్టుకున్నది మా బావే.

ఆఖరికి మా ఇంటి ముందు గది ఆమెకి ఇచ్చాడు. తలుపు రెండుసార్లు లాగి చూసే మనిషి ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. అక్క కాదనలేదు, సోఫా తీయించి మిషను వేయించింది. కానీ మా వీధి లోపలికెక్కడో ఉంటుంది. బస్సు దిగినవాళ్ళు పాడైన జిప్పు కోసం అంత దూరం రారు. రాలేదు కూడా. ఆమె మిషను ముందు కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేది. ఇదివరకు అంత మాట్లాడే మనిషి, అవసరమైతే తప్ప పలికేది కాదు. గుండీ చదువు ఈ ఏడాదికి ఆపేసింది. పగలు ఒక రెడీమేడ్ షాపులో బట్టలు మడతపెడుతోంది. మళ్ళీ ఎప్పుడు చేరతావని మా బావ అడిగినప్పుడల్లా "చూద్దాం మాస్టారూ" అంటుంది. మొహం మీద కోపం లేకపోవడమే ఆయన్ని ఎక్కువ తినేస్తోంది.

జనం రాకపోతే బట్టలనే తెద్దామని బావకి తోచింది. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బస్టాపుకి పోవడం మొదలుపెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళని పలకరించి, "ప్యాంటు కుదించాలా అండీ? సాయంత్రానికి తెచ్చిస్తాం," అని అడగాలి. షాపులో చిల్లర తక్కువిస్తే అడగలేక తిరిగొచ్చే మనిషి మా బావ. మొదటిరోజు ఎవరినీ అడక్కుండానే వెనక్కి వచ్చాడు. తర్వాత గొంతు లేచింది. కొంతమంది ఇచ్చారు. చాలామంది ఆయన్ని ఎగాదిగా చూసి జరిగిపోయారు.

నిన్న నేనూ ఆఫీసుకి బస్సెక్కుతున్నాను. బావ ఒక సూటు వేసుకున్నాయన దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆయన చెయ్యి విదిలించి పక్కకి పొమ్మన్నాడు. అప్పుడే యూనివర్సిటీ బస్సు వచ్చి ఆగింది. కిటికీల్లో మా పిల్లలే. ఐడియా మాస్టారిని గుర్తుపట్టారు. ఇది కూడా క్లాసు పనే అనుకున్నారు కాబోలు. ఒకడు మొదలుపెట్టాడు, బస్సంతా అందుకుంది. కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి మరీ చప్పట్లు. "శెభాష్ మాస్టారూ!" అని కేకలు. బావ సంచి పట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. బస్సు కదిలేదాకా తల ఎత్తలేదు. నాకు ఆ బస్సుని ఆపి ఒక్కొక్కణ్ణీ కిందికి దించి చెంప పగలగొట్టాలనిపించింది. పాపం వాళ్ళు మాత్రం ఏం చేశారు?

నేను బస్సెక్కలేకపోయాను. ఆయన వెంట ఇంటికి నడిచాను.  ముందు గదిలో గుండీ వాళ్ళమ్మ మిషనుకి నూనె వేస్తోంది. అలికిడికి తల తిప్పింది.

"ఏమైనా దొరికాయా మాస్టారూ?"

బావ ఖాళీ సంచి బల్ల మీద పెట్టాడు. "లేదమ్మా. ఒక్కటి కూడా దొరకలేదు," అన్నాడు. ఈసారి మాట ఎక్కడా తెగలేదు.

ఆమె సంచి తీసి దులిపి, మడతపెట్టి మళ్ళీ ఆయనకే ఇచ్చింది.

"రేపు కాస్త ముందు బస్సుకి వెళ్ళండి," అంది. "ఆఫీసుల వాళ్ళు ఉంటారు."